కోర్టు మెట్ల కింద నిలబడి చూస్తే

2010 జూలై 14 పొద్దున్న సోంపేట బీలలో పోలీసు కాల్పులు జరిగాయి. థర్మల్ ప్లాంటు వద్దని అడ్డం నిలబడ్డ వాళ్లలో కొందరు రైతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ 2640 మెగావాట్ల ప్లాంటుకు కేంద్రం ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. కాగితాల్లో పనికిరాని భూమిగా చూపించినది నిజానికి ఏడాది పొడవునా నీళ్లుండే చిత్తడి నేల. చేపకూ పైరుకూ పశువుకూ అదే ఆధారం. ఆ సంగతి బీల ఊళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. అథారిటీ దాన్ని గుర్తించేసరికి తూటాలు పేలిపోయాయి. సోంపేట మా మందసకు ఆనుకున్న మండలమే. ఆ రెండు వార్తలనూ మేం ఒకే రోజు విన్నాం. రెండోది ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే అన్న మాట ఇప్పటికీ మా వైపు అనుకుంటూనే ఉంటాం.

ఆ అథారిటీ మన నేలలో దానంతటది మొలిచింది కాదు. 1992లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ప్రపంచ దేశాలు కూడి ఒక ప్రకటన చేశాయి. దాని పదో సూత్రం ప్రకారం పర్యావరణ విషయాల్లో జనానికి సమాచారం అందాలి, నిర్ణయంలో వాళ్లకు పాలుండాలి, అన్యాయం జరిగితే వెళ్లి చెప్పుకునే చోటుండాలి. దాన్ని పట్టుకుని మన పార్లమెంటు 1995లో ఒక ట్రిబ్యునల్ చట్టం చేసింది. అది అమలుకే రాలేదు. 1997లో అప్పీలు అథారిటీ చట్టం వచ్చింది. అథారిటీ ఏర్పడినా చాలా ఏళ్లు ఛైర్మన్ లేకుండానే నడిచింది. 2010 అక్టోబరు 18న దాని స్థానంలోకి జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ వచ్చింది. ఆ చట్టం పీఠికలోనే స్టాక్‌హోమ్, రియో సమావేశాల పేర్లున్నాయి. ఆ సూత్రం కోసం ఏ దేశమూ మనకు అప్పివ్వలేదు. అయినా కోర్టుల విషయంలో బయటి ప్రపంచం శ్రీకాకుళం తీరంలోని మా ఉద్దానానికి చేసిన అతి పెద్ద సాయం ఇదేనని నా లెక్క.

న్యాయస్థానాలను బాగు చేయడానికి, చట్టబద్ధ పాలనను నిలబెట్టడానికి అంతర్జాతీయ సంస్థలు ఆరు దశాబ్దాలుగా డబ్బు, నిపుణులు, సలహాలు పంపుతున్నాయి. దాని మీద చర్చ ఎక్కువగా రాజధానుల్లో, జడ్జీల బల్ల వైపు నుంచి జరిగింది. నేను కోర్టు మెట్ల కింద నుంచి చూస్తాను. మా వైపు కేసున్న మనిషి మొదట పలాసకో సోంపేటకో టెక్కలికో వెళ్లాలి. ఆ పైన శ్రీకాకుళం. హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతికి వచ్చింది కనుక ప్రయాణం అయిదు వందల చిల్లర కిలోమీటర్లకు తగ్గింది. అంతకుముందు హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చేది. గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే పలాసలో మెయిలెక్కి చెన్నైలో దిగాలి, సుమారు వెయ్యి కిలోమీటర్లు. జీడిపిక్కలు కొట్టి కూలి తెచ్చుకునే మనిషికి ఒక్కో వాయిదా ఒక రోజు కూలీ, బస్సు చార్జీ, గుమస్తా ఖర్చు.

నిజానికి మన కోర్టులే బయటి నుంచి వచ్చినవి. 1802లో మద్రాసు ప్రభుత్వం జిల్లా కోర్టుల రెగ్యులేషన్లనూ శాశ్వత శిస్తు పద్ధతినీ ఒకేసారి తెచ్చింది. జమీందారు చేతికి సనదు వచ్చింది. రైతుకు కోర్టుకు వెళ్లవచ్చన్న మాట మాత్రం దక్కింది. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరును ఏజెంటుగా పెట్టారు. ఆ ఏర్పాటు ఛాయ ఇంకా పోలేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో నేటికీ 1924 నాటి ఏజెన్సీ రూల్సు కింద సివిలు దావాలు రెవెన్యూ అధికారుల ముందుకే వెళ్తాయి.

చట్టంలో హక్కు ఉండడం వేరు, అది చేతికందడం వేరు. ఆ తేడాను మందస 1940లోనే చూసింది. రైతుల హక్కుల కోసం 1908లోనే ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం వచ్చింది. అయినా ముప్పై ఏళ్ల తర్వాత కూడా జమీందారీ అడవిలో కంప కొట్టుకోవడం నేరంగానే ఉంది. 1940 మార్చి చివర పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ జైల్లో ఉన్నారు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో రైతుల మీద కాల్పులు జరిగాయి. గర్భిణిగా ఉన్న వీరగున్నమ్మతో కలిపి అయిదుగురు చనిపోయారు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. ఆ ఎస్టేటు భూముల పట్టాల చిక్కులు మాత్రం మా తాతల నుంచి మా దాకా వచ్చాయి.

ఇక ప్రపంచం సంగతి. కోర్టులకు బయటి సాయంలో మొదటి దశ 1960లలో వచ్చింది. ఫోర్డ్ ఫౌండేషన్, అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ కలిసి లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియాల్లోని న్యాయ కళాశాలలను తీర్చిదిద్దే పనికి పూనుకున్నాయి. చదువుకున్న లాయర్లు తయారైతే దేశాలు చట్టం దారిలో నడుస్తాయని ఆశ. మన దేశంలో 1956లో ఏర్పడిన ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్‌కూ ఆ సాయం అందింది. 1974లో డేవిడ్ ట్రూబెక్, మార్క్ గలాంటర్ ఆ ప్రయత్నాన్ని లోపలి నుంచే నిలదీస్తూ వ్యాసం రాశారు. అమెరికాలో కూడా లేని ఆదర్శ న్యాయవ్యవస్థను ఇతర దేశాలకు ఎగుమతి చేయబోయామని వాళ్ల పశ్చాత్తాపం. గలాంటర్ మన కోర్టులను ఏళ్ల తరబడి చదివిన మనిషి. డబ్బూ అనుభవమూ ఉన్న కక్షిదారే కోర్టులో ఎందుకు గెలుస్తాడో అదే ఏడాది మరో వ్యాసంలో వివరించాడు. పదే పదే కోర్టుకు వచ్చేవాడికి ఆట నియమాలన్నీ తెలుస్తాయి. జీవితంలో ఒక్కసారి వచ్చేవాడికి ఏదీ తెలియదు. ఉద్దానం రైతు ఆ రెండో రకం మనిషి.

రెండో దశ 1990లలో ప్రపంచ బ్యాంకు, ప్రాంతీయ అభివృద్ధి బ్యాంకుల అప్పులతో వచ్చింది. ఈసారి భవనాలు, కంప్యూటర్లు, జడ్జీల శిక్షణ, కేసుల నిర్వహణ. పెరూలో 1997 డిసెంబరులో బ్యాంకు అప్పు మంజూరు చేసింది. అప్పటికే ఫుజిమోరి ప్రభుత్వం తనకు అడ్డొచ్చిన రాజ్యాంగ న్యాయస్థానం జడ్జీలు ముగ్గురిని తొలగించి ఉంది. మరుసటి ఏడాది అప్పు రద్దయింది. పాకిస్తాన్‌లో 2001లో ఆసియా అభివృద్ధి బ్యాంకు 35 కోట్ల డాలర్లతో న్యాయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2007 మార్చిలో అధ్యక్షుడు ముషారఫ్ ప్రధాన న్యాయమూర్తిని పక్కన పెట్టినప్పుడు అడ్డుపడింది ఆ కార్యక్రమం కట్టిన గదులు కావు. నల్లకోట్లు వేసుకుని రోడ్డెక్కిన లాయర్లు రెండేళ్ల పోరాటంతో ఆయన్ను మళ్లీ బెంచి మీదకు తెచ్చారు. అఫ్గానిస్తాన్‌లో న్యాయరంగం బాధ్యత ఇటలీ తీసుకుంది, డబ్బు ఎక్కువగా అమెరికా పెట్టింది. వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయినా దానికి సరైన వ్యూహమే లేదని, ఫలితం ఎంతో కొలవలేమని 2015లో అమెరికా సొంత తనిఖీ అధికారి నివేదికే తేల్చింది. 2021 ఆగస్టులో ఆ వ్యవస్థంతా కొన్ని రోజుల్లో కూలిపోయింది.

అన్నీ ఓటములే అనడం మాత్రం న్యాయం కాదు. గ్వాటెమాలాలో 2007 నుంచి ఐక్యరాజ్యసమితి అండతో పనిచేసిన దర్యాప్తు కమిషన్ స్థానిక ప్రాసిక్యూటర్ల పక్కన నిలబడి పనిచేసింది. అది బయటపెట్టిన కస్టమ్స్ కుంభకోణంలో 2015లో దేశాధ్యక్షుడే రాజీనామా చేసి జైలుకు వెళ్లాడు. ఆ దర్యాప్తులు తర్వాతి అధ్యక్షుడి దాకా వచ్చాయి. ఆయన కమిషన్ గడువు పొడిగించలేదు, 2019లో అది మూతపడింది. బయటి సాయం ఎంత గట్టిదైనా ఆ దేశ ప్రభుత్వం సరే అన్నంత కాలమే నిలుస్తుందని ఆ పన్నెండేళ్లు చూపించాయి.

విదేశీ సాయం విషయంలో మన దేశం జాగ్రత్తగానే ఉంది. 2003లో కేంద్రం కొద్ది దేశాల నుంచి తప్ప ద్వైపాక్షిక సాయం తీసుకోనంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పెద్ద దాత అయిన బ్రిటన్ సాయం 2015తో ముగిసింది. కోర్టులకు కంప్యూటర్లు వచ్చింది మన డబ్బుతోనే. ఈ-కోర్టుల రెండో దశకు 1670 కోట్లు, 2023లో ఆమోదించిన మూడో దశకు 7210 కోట్లు. ఇప్పుడు వాయిదా తేదీ ఫోనులో కనిపిస్తుంది. ఇది చిన్న సుఖం కాదు, జడ్జి సెలవని తెలియక టెక్కలి దాకా పోయి తిరిగొచ్చినవాళ్లను అడిగితే తెలుస్తుంది. కానీ పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ చెప్పింది 1987లో. మంజూరైన పోస్టులన్నీ లెక్కేసినా ఇప్పటికీ అందులో సగానికి చేరలేదు. పదమూడో ఆర్థిక సంఘం 2010-15కి న్యాయరంగానికి 5000 కోట్లు కేటాయిస్తే, రాష్ట్రాలకు విడుదలైంది అందులో సగం లోపే. ఆ లోటుకు ఏ విదేశీ దాతనూ తప్పుపట్టలేం.

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంతో కలిసి కేంద్ర న్యాయశాఖ 2008 నుంచి 2017 దాకా అట్టడుగు ప్రజలకు న్యాయం అందించే ప్రాజెక్టు ఒకటి నడిపింది. అదే 2008లో మడలిన్ ఆల్‌బ్రైట్, హెర్నాండో డి సోటో సారథ్యంలోని అంతర్జాతీయ కమిషన్ ప్రపంచంలో 400 కోట్ల మంది చట్టం రక్షణకు వెలుపలే బతుకుతున్నారని ప్రకటించింది. సాయం చూపు జడ్జీల నుంచి పేదల వైపు మళ్లిన కాలమది. ప్రాజెక్టు తీసుకున్న రాష్ట్రాల్లో ఒడిశా ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. మహేంద్రగిరికి అటువైపున్న రాష్ట్రానికి దక్కింది, ఇటువైపు మందస కొండల్లోని సవర గూడేలకు దక్కలేదు. కొండ రెండువైపులా మాట్లాడేది ఒకటే సవర భాష.

అయితే మా జిల్లాకు అంతకంటే ముందే మరో దారిలో సాయం వచ్చింది. కోర్టు సంస్కరణల పుస్తకాల్లో దాని గురించి రాసేవాళ్లు తక్కువ. 2000లో ప్రపంచ బ్యాంకు 11 కోట్ల చిల్లర డాలర్ల అప్పుతో ఆరు జిల్లాల్లో పేదరిక నిర్మూలన ప్రాజెక్టు మొదలైంది. ఆ ఆరింటిలో శ్రీకాకుళం ఒకటి. జనం దాన్ని వెలుగు అన్నారు, తర్వాత ఇందిరా క్రాంతి పథం అయింది. డ్వాక్రా సంఘాల అప్పుల పథకంగానే అది అందరికీ గుర్తు. పేద ఆడవాళ్లకు భూమి కొనిపెట్టడం కూడా అందులో ఒక భాగం. అమెరికాలోని సియాటెల్‌లో లా ప్రొఫెసర్ రాయ్ ప్రోస్టర్‌మన్ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ నిపుణులు ఆ పనికి సలహాదారులుగా వచ్చారు. ఊళ్లు తిరిగాక తేలిందేమిటంటే, కొత్తగా కొనిపెట్టే ఎకరాల కంటే పేదల పేరున ఇప్పటికే ఉండి చిక్కుబడ్డ ఎకరాలు ఎన్నో రెట్లు ఎక్కువ. పట్టా ఉంటే స్వాధీనం ఉండదు. స్వాధీనం ఉంటే ఊరి సాగు రికార్డు అయిన అడంగల్‌లో పేరు ఉండదు. తాత చనిపోయి ముప్పై ఏళ్లయినా 1బి హక్కుల రికార్డులో తాత పేరే ఉంటుంది. ప్రభుత్వమిచ్చిన డి-పట్టా చేతులు మారి ఎవరి దగ్గరో ఉంటుంది, 1977 చట్టం ప్రకారం అప్పట్లో ఆ అమ్మకం చెల్లదన్న సంగతి అమ్మినవాడికి తెలియదు.

అప్పుడు చేసిన పని నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది. చదువుకున్న పేదింటి పిల్లలను ఎంచి, భూ చట్టాల్లో శిక్షణిచ్చి, పారాలీగల్స్‌గా మండల సమాఖ్యల దగ్గర పెట్టారు. కొలతలు నేర్పి కమ్యూనిటీ సర్వేయర్లను తోడిచ్చారు. పైన జిల్లాలో న్యాయపట్టభద్రులు సలహాకు ఉండేవారు. ఈ పిల్లలు తహసీల్దారు ఆఫీసులో రికార్డు నకళ్లు తీసి, ఊళ్లో చావడి దగ్గర కూర్చుని సర్వే నంబరు వారీగా పైకి చదివేవారు. ఎవరి పేరు ఉంది, ఎవరిది లేదు, ఎక్కడ తప్పు పడింది అని రాసుకుని, దరఖాస్తు పెట్టించి, దాని వెంట పడేవారు. ఊరి మధ్య అడంగల్ పైకి చదవడమే ఒక కోర్టు నడిపినంత పని. ఏళ్ల తరబడి ఒకరి చేతిలోనే దాగిన కాగితం అందరి చెవినా పడుతుంది.

ప్రపంచం కోర్టు అంటే జడ్జి కూర్చునే భవనమని లెక్కేసింది. ఉద్దానం పేదకు మొదటి కోర్టు తహసీల్దారు ఆఫీసు, రెండోది ఆర్డీఓ. ఆర్డీఓ టెక్కలిలో ఉండేవారు, 2022 నుంచి పలాసలోనూ ఉన్నారు. భూమి తగాదాల్లో చాలా భాగం అక్కడే తెగుతుంది లేదా అక్కడే చెడిపోతుంది. ఆ విచారణలకు జడ్జీల శిక్షణ నిధులు రావు, పెండింగు లెక్కల్లో అవి కనిపించవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేశాక ఇదంతా మా ఇంట్లోకే వచ్చింది. నలభై ఏళ్లుగా చేస్తున్న తోట మా చిన్నాన్నది. రికార్డులో మాత్రం ఆయన పేరు లేదు. పరిహారం జాబితా రాసేటప్పుడు కాగితం అడిగారు. "సెట్లు నాను నాటేనురా బాబూ, మరి కాయితం మీద నాను లేనంట," అన్నాడు. ఆ రోజు మా ఊళ్లో పారాలీగల్ లేరు. ప్రాజెక్టు నిధుల కాలం ముగిశాక ఆ ఏర్పాటు సన్నగిల్లిపోయింది. శిక్షణ పొందిన పిల్లలు వేరే పనులు చూసుకున్నారు.

ఇదే పనిని ఇంకొక చోట ఎలా నిలబెట్టుకున్నారో చెప్పాలి. పశ్చిమాఫ్రికాలోని సియెరా లియోన్‌లో అంతర్యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 2003లో, టిమాప్ అనే సంస్థ ఊరి పారాలీగల్స్‌తో పని మొదలుపెట్టింది. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన వివేక్ మారు భారత సంతతివాడు. విదేశీ నిధులతోనే నడిచింది. కానీ 2012లో ఆ దేశం చేసిన న్యాయ సహాయ చట్టం ప్రతి చీఫ్‌డమ్‌లో ఒక పారాలీగల్ ఉండాలని రాసుకుంది. దాత వెళ్లిపోయినా పదవి చట్టంలో మిగిలింది. బంగ్లాదేశ్‌లో ఐరోపా సమాఖ్య, ఐరాస 2009 నుంచి ఊరి కోర్టులకు సాయం చేశాయి. 2006లో ఆ దేశమే చేసుకున్న చట్టం అప్పటికే ఉంది కనుక సాయానికి కాలు మోపే చోటు దొరికింది. మనకూ 2009 నుంచి అమల్లో ఉన్న గ్రామ న్యాయాలయాల చట్టం ఉంది. జడ్జి ఊరికే వచ్చి కూర్చోవాలని అందులో రాశారు. చాలా రాష్ట్రాల్లో అది కాగితం దాటలేదు. అదే 2009లో జాతీయ న్యాయసేవల సంస్థ పారాలీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. ఆ పేరు మా ఊళ్లలో వినిపిస్తుంది కానీ అడంగల్ చదివి వినిపించేంత పని వాళ్లకు అప్పగించలేదు.

బయటి నమూనా అడ్డదారిలో వస్తే ఏమవుతుందో భూ యాజమాన్య హక్కు చట్టం చూపించింది. ప్రభుత్వమే హక్కుకు హామీ ఇచ్చే టోరెన్స్ పద్ధతి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో పుట్టింది. అంతర్జాతీయ సంస్థలు చాలాకాలంగా మెచ్చుకున్నవే ఇలాంటి పద్ధతులు. నీతి ఆయోగ్ నమూనా చట్టం దారిలో మన రాష్ట్రం 2022లో చట్టం చేసింది, 2023 అక్టోబరు 31 నుంచి అమలుకు తెచ్చింది. హక్కు తగాదాలను సివిలు కోర్టుల నుంచి తీసి అధికారుల చేతికిచ్చి, చివర హైకోర్టులో అప్పీలు పెట్టారు. పలాస కోర్టులో తేలాల్సిన గట్టు తగాదా కోసం అమరావతి వెళ్లాల్సి వచ్చేదన్నమాట. రాష్ట్రమంతటా లాయర్లు కోర్టులు బహిష్కరించారు, ఊళ్లలో భయం పుట్టింది, 2024 జూలైలో శాసనసభ చట్టాన్ని రద్దు చేసింది. హామీ ఉన్న పట్టా మంచిదే. రికార్డు సరిచేయకుండా, ఊరి మధ్య చదివి వినిపించకుండా, తప్పున్న 1బికి హామీ ఇస్తే తప్పుకే హామీ ఇచ్చినట్టు.

అప్పిచ్చేవాళ్లను ఎవరు అడగాలి అన్నది ఇంకో సంగతి. నర్మద ఆనకట్ట మీద గొడవ తర్వాత ప్రపంచ బ్యాంకు 1993లో తనిఖీ ప్యానెల్ పెట్టుకుంది. నష్టపోయినవాళ్లు నేరుగా వాషింగ్టన్‌కు రాయవచ్చు. 2017లో అమరావతి రైతులు అలాగే రాశారు. 2019లో కేంద్రం అప్పు ప్రతిపాదన వెనక్కి తీసుకుంది. 2024 డిసెంబరులో అమరావతికే బ్యాంకు 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. గుజరాత్ ముంద్రా తీరంలో బొగ్గు ప్లాంటు వల్ల దెబ్బతిన్న మత్స్యకారులు ఆ బ్యాంకు అనుబంధ సంస్థ మీద అమెరికా కోర్టుకే వెళ్లారు. అలాంటి సంస్థలకు పూర్తి మినహాయింపు లేదని 2019 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తర్వాత కింది కోర్టుల్లో కేసు నిలవలేదు. అయినా మా తీరం వాళ్లకు ఆ తీర్పు ముఖ్యం, మావీ బొగ్గు ప్లాంట్లతో పోరాడిన ఊళ్లే. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం వడ్డితాండ్రలో కాకరాపల్లి ప్లాంటు కోసం జరిగిన కాల్పుల్లోనూ మనుషులు పోయారు. సోంపేట, కాకరాపల్లి ఉద్యమాల్లో వందల మంది మీద కేసులు పడ్డాయి. చంపినవాళ్ల విచారణ కోసం తిరిగిన రోజుల కంటే, తమ మీది కేసుల వాయిదాలకు ఆ ఊళ్లవాళ్లు తిరిగిన రోజులే ఎక్కువ.

ఇప్పుడు సాయమే తగ్గిపోతోంది. 2025 జూలై 1న అమెరికా సహాయ సంస్థ మూతపడింది. దాని డబ్బుతో నడిచిన న్యాయ కార్యక్రమాలు ఎన్నో దేశాల్లో ఆగిపోయాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణతో మన స్వచ్ఛంద సంస్థల దారీ ఇరుకైంది. ఉద్దానానికి ఇది కొత్త కష్టమేమీ కాదు, ఇక్కడికి వచ్చింది తక్కువే. కేంద్రం 2021-26కి దిశ అనే న్యాయ సహాయ పథకానికి 250 కోట్లు పెట్టింది. అందులో భాగమైన టెలీ-లా ద్వారా ఊరి కామన్ సర్వీస్ సెంటర్ నుంచి లాయరుతో మాట్లాడవచ్చు. సలహా దొరుకుతుంది. కానీ ఆ లాయరు మందస తహసీల్దారు ఆఫీసులో రికార్డు తీయలేడు, సవర మాట అర్థం చేసుకోలేడు.

నన్ను అడిగితే కొత్త సాయం ఎక్కడి నుంచి వచ్చినా, రాష్ట్రం నుంచైనా రుణం నుంచైనా, మా వైపు మూడు పనులకు వెళ్లాలి. మండలానికి ఇద్దరు పారాలీగల్స్, అందులో ఒకరికి సవర వచ్చి ఉండాలి, జీతం చట్టంలో రాసి ఉండాలి. ఏడాదికోసారి ప్రతి ఊళ్లో అడంగల్ పైకి చదవాలి, జీడితోట కౌలుదార్ల పేర్లతో సహా. నేరం రుజువు కాని కేసు వాయిదాలకు తిరిగిన మనిషికి బస్సు చార్జీ, ఒక రోజు కూలీ కోర్టు చెల్లించాలి. గిరిజనాభివృద్ధి సంస్థ ఉన్న సీతంపేట 2022 జిల్లాల విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది కనుక, మందస సవరలు పక్క జిల్లాకు వెళ్లనక్కర లేకుండా ఈ పని పలాసలోనే జరగాలి.